‘ఏ అడ్డంకీ లేదు’ అని సంతకం పెట్టే ముందు

తమ్ముడూ, చెల్లెమ్మా,

నువ్వో, మీ నాన్నో, మీ అక్కో ఎప్పుడో ఒకప్పుడు లోను తీసుకునే ఉంటారు. పంట లోను, ట్రాక్టరు లోను, బండి లోను, డ్వాక్రా లోను. బ్యాంకులో కుర్చీ చూపించి ముందు ఒక కాగితాల కట్ట పెడతారు. సంతకం పెట్టాల్సిన చోటల్లా ముందే పెన్సిల్‌తో టిక్కు కొట్టి ఉంటుంది. "ఇక్కడ, ఇక్కడ, ఇంకోటి ఇక్కడ" అంటారు. పెట్టేస్తాం. మీ అమ్మయితే వేలిముద్ర వేసి, ఇంకు చీరకొంగుకి తుడుచుకుని లేచొస్తుంది. ఇంటికొచ్చాక డబ్బు పడిందా లేదా అని ఫోను చూసుకోవడమే. ఆ కట్టలో ఏముందో మనం అడగం. వాళ్ళు చెప్పరు.

ఆ కట్ట మధ్యలో ఎక్కడో ఒక పేరా ఉంటుంది. ఎక్కువసార్లు ఇంగ్లీషులోనే ఉంటుంది. మన మాటల్లో దాని సారం ఇది: "నేను చూపించిన ఈ భూమి మీద వేరే ఎవరితోనూ ఒప్పందం లేదు. ముఖ్యమైన ఒప్పందాలు ఏవైనా ఉంటే అన్నీ మీకు చెప్పాను. ఈ అప్పు తీసుకోవడానికి, ఈ ఆస్తి తాకట్టు పెట్టడానికి నాకు ఏ చట్టమూ, ఏ కోర్టు ఉత్తర్వూ, ఏ షరతూ అడ్డం లేదు. ఇదంతా నిజం."

ఈ రోజు ఆ ఒక్క పేరా గురించే మాట్లాడుకుందాం. మన భూమి మీద ఇంకొకడు అప్పు తెచ్చుకోవడానికి, ఆ అప్పుకి నువ్వు దోషివి కావడానికి ఆ పేరా చాలు. అదే పేరాని మనం సరిగ్గా చదివితే, మన చట్టాన్ని తప్పించుకుని తిరిగేవాణ్ణి పట్టుకోవడానికీ అది చాలు.

ఆ పేరా ఏం చేస్తుంది

బ్యాంకు అప్పు ఇచ్చేటప్పుడు దాని భయం ఒక్కటే. ఇచ్చిన డబ్బు తిరిగి రాకపోతే ఏం పట్టుకోవాలి? భూమి పట్టుకోవాలి. ఆ భూమి అప్పటికే ఇంకొకడికి కౌలుకి పోయి ఉంటే, అగ్రిమెంటు రాసేసి ఉంటే, అమ్మకూడదని చట్టమే చెప్తుంటే? అప్పుడు బ్యాంకు చేతిలో ఉన్నది ఉత్త కాగితం. అందుకే రెండు ప్రశ్నలు అడుగుతుంది. ఏ ఒప్పందాలు ఉన్నాయి? ఏ అడ్డంకులు ఉన్నాయి?

అడగడం తప్పు కాదు. అడిగే తీరు తప్పు. ఎందుకంటే అది ప్రశ్నలా అడగదు. జవాబు కూడా తనే రాసుకుని, కింద నీ చేత సంతకం పెట్టిస్తుంది. ‘లేదు’ అని ముందే అచ్చేసి ఉంటుంది. నువ్వు నోరు తెరవకుండానే నీ తరఫున మాట ఇచ్చేసినట్టు.

రేపు ఆ మాట అబద్ధమని తేలితే ఏమవుతుంది? ఇది బాగా గుర్తుపెట్టుకో. కిస్తీలు ఒక్కటి కూడా తప్పకపోయినా సరే, ‘తప్పు ప్రకటన ఇచ్చావు’ అనే ఒక్క కారణంతో అప్పు మొత్తం ఒకేసారి కట్టమని నోటీసు ఇవ్వడానికి చాలా అగ్రిమెంట్లలో బ్యాంకుకి హక్కు రాసి ఉంటుంది. కావాలని మోసం చేశావని అనుకుంటే చీటింగు కేసు కూడా పెట్టొచ్చు. నిన్నటిదాకా 420 అన్నది ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 318 అయింది. నంబరు మారినా జైలు జైలే. అప్పుడు బ్యాంకు చూసేది డబ్బు ఎవరు తిన్నారని కాదు. కాగితం మీద ఎవరి సంతకం ఉందని.

కొల్లేటి దిగువన ఏం జరిగిందో చూడు

ఇదంతా భయపెట్టడానికి చెప్తున్నాననుకుంటే ఒకసారి దిగువకి, చేపల చెరువుల వైపు చూడు. ఏలూరు దాటి కైకలూరు, ఆకివీడు, భీమవరం దాకా చెరువు గట్లే గట్లు. అక్కడ భూమి ఒకడిది, చెరువు ఒకడిది, పెట్టుబడి ఇంకొకడిది. ఈ ముగ్గుర్నీ కలిపేది కౌలు కాగితం.

2018 మార్చిలో ఐడీబీఐ బ్యాంకు స్టాక్ ఎక్స్ఛేంజీలకి తనే ఒక సంగతి చెప్పుకుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని 5 శాఖల నుంచి 2009-2013 ఆర్థిక సంవత్సరాల్లో చేపల పెంపకం వగైరాల పేరుతో ఇచ్చిన అప్పుల్లో 772 కోట్ల రూపాయల మోసం జరిగిందని. ఎలా జరిగింది? లేని చెరువులకి దొంగ కౌలు పత్రాలు పుట్టించారు. తాకట్టు పెట్టిన ఆస్తుల విలువ పెంచి చూపించారు. సీబీఐ కేసులు పెట్టింది.

ఒక్కసారి ఆలోచించు. చెరువే లేదు. నీళ్ళు లేవు, చేప లేదు, గట్టు లేదు. కానీ ఒప్పందం ఉంది. అప్పు పత్రంలో ‘ఈ కౌలు ఒప్పందం నిజమైనది’ అన్న మాట ఉంది. బ్యాంకు ఆ మాటని నమ్మింది, లేదా నమ్మినట్టు నటించింది. పక్క ఊరు పోయి చూస్తే తేలిపోయే అబద్ధం, ఎవరూ పోయి చూడకపోవడం వల్ల 772 కోట్లయింది. ఎకరానికి పంట లోను అడిగిన మనవాణ్ణి పాస్‌బుక్కు, అడంగలు, 1-బీ, ఈసీ అంటూ పదిసార్లు తిప్పే వ్యవస్థ ఇదే.

ఆ అప్పులన్నీ కొల్లేరువి అని నేను అనడం లేదు. కొల్లేరు కథ వేరే ఉంది, అది ఇంకా బరువైనది. 1970ల్లో ప్రభుత్వం కొల్లేటి మత్స్యకారుల చేత సహకార సంఘాలు పెట్టించి చెరువులు ఇచ్చింది. పోను పోను వాటిలో చాలా చెరువులు లీజుల పేరుతో బయటి పెట్టుబడిదారుల చేతుల్లోకి పోయాయి. 1999లో జీవో 120తో +5 కాంటూరు లోపల 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అయింది. 2002లో రాంసర్ జాబితాకెక్కింది. అంటే ఆ గీత లోపల చేపల చెరువు తవ్వడానికి చట్టం ఒప్పుకోదు. అయినా తవ్వకాలు ఆగలేదు, లీజులూ ఆగలేదు. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో గట్లు తెగ్గొట్టారు. గట్టు తెగినప్పుడు పెట్టుబడిదారుడు ఇంకో చెరువు వెతుక్కున్నాడు. సంఘంలో పేరున్న పేదవాడికి పేరు మాత్రం మిగిలింది.

ఈ రెండు కథల్లోనూ పాఠం ఒకటే. భూమి మీద ఉన్న అడ్డంకిని దాచి కాగితం పుట్టించేవాడు ఒకడు, ఆ కాగితం కింద పేరుండేవాడు ఇంకొకడు. పడేది పేరున్నవాడి మీదే.

ఇక మన ఏజెన్సీకి రా

ఇప్పుడు ఎగువకి నడుద్దాం. బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, పోలవరం, 2014లో ఖమ్మం నుంచి వచ్చి కలిసిన కుకునూరు, వేలేరుపాడు. కోయలు, కొండరెడ్లు ఉండే నేల. ఇక్కడ ఆ పేరాకి ఉన్న అర్థం వేరు. ఎందుకంటే ఇక్కడ భూమికి పుట్టుకతోనే ఒక ‘అడ్డంకి’ ఉంది. దాని పేరు 1/70.

పేరు అందరికీ తెలుసు. లోపల ఏముందో చాలామందికి తెలియదు. 1959 నాటి షెడ్యూల్డ్ ప్రాంతాల భూ బదలాయింపు నిబంధనకి 1970లో చేసిన సవరణ అది. 1970 ఫిబ్రవరి 3 నుంచి అమల్లో ఉంది. ఏజెన్సీలో ఎవరి దగ్గరున్న భూమైనా సరే, ఆదివాసీకి గానీ, పూర్తిగా ఆదివాసీలతో ఏర్పడిన సహకార సంఘానికి గానీ తప్ప ఇంకెవరికి బదలాయించినా చెల్లదు. మొదటి నుంచీ చెల్లదు. అంతే కాదు, ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది ఆదివాసీ నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సింది అతనే. 1988లో పి. రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు ఈ చట్టం సరైనదేనని తేల్చింది. 1997లో సమతా తీర్పులో ఇంకో అడుగు వేసి, ప్రభుత్వం కూడా ఈ చట్టానికి లోబడాల్సిందే, గనుల లీజులు గిరిజనేతరులకి ఇవ్వడానికి వీల్లేదు అంది.

ఇందులో మనం ఎప్పుడూ చదవని ముక్క ఇంకొకటి ఉంది. ‘బదలాయింపు’ అంటే అమ్మకం ఒక్కటే కాదు. తాకట్టు, కౌలు, దానం, మార్పిడి, భూమి మీద పెట్టే ఏ భారమైనా, వీటి కోసం రాసుకునే ఒప్పందమైనా బదలాయింపే అని ఆ చట్టం నిర్వచనం చెప్తోంది. ఒప్పందం కూడా!

ఇప్పుడు ఆ అప్పు పేరా మళ్ళీ చదువు. ‘ఏ ఒప్పందాలు ఉన్నాయి? ఏ అడ్డంకులు ఉన్నాయి?’ ఏజెన్సీ భూమి మీద ఈ రెండు ప్రశ్నలకీ జవాబు ఒకే చట్టంలో ఉంది. గిరిజనేతరుడితో ఒప్పందం ఉంటే అది చెల్లదు. అడ్డంకి లేదంటే అది అబద్ధం. అచ్చేసిన ‘లేదు’ మన నేల మీద ఎప్పుడూ నిజం కాదు.

అబద్ధం పుట్టే మూడు దారులు

మొదటి దారి నీకు కళ్ళ ముందే ఉంది. మీ ఊళ్ళో పొగాకు బ్యారన్లు ఎవరివి? పామాయిల్ తోటకి కాపలా ఎవరు, కాయ డబ్బులు ఎవరికి? పట్టాదారు పాస్‌బుక్కు మీ తాతది. సాగు బయటి నుంచి వచ్చిన ఆసామిది. మధ్యలో ఉన్నది నోటి మాట, లేదా పది రూపాయల స్టాంపు కాగితం మీద రాసిన రాత. అది రిజిస్ట్రారు ఆఫీసు మెట్లెక్కలేదు కాబట్టి ఈసీలో కనిపించదు. బ్యాంకువాళ్ళు ఈసీ చూస్తారు, శుభ్రంగా ఉంటుంది. మీ నాన్న ‘ఏ ఒప్పందమూ లేదు’ అన్న చోట సంతకం పెడతాడు. ఒప్పందం ఉందని ఊరందరికీ తెలుసు, ఆ కాగితానికి తప్ప.

రెండో దారి ఇంకా పాతది. ఆసామికి అప్పు కావాలి, ఏజెన్సీ భూమి అతని పేరు మీద ఉండదు. "నీ పాస్‌బుక్కు ఇవ్వు, నీ పేరు మీద లోను తీద్దాం, నీకు పది వేలిస్తా" అంటాడు. సంతకం నీది, డబ్బు అతనిది, పంట అతనిది. పంట పోతే బాకీ మాత్రం నీది. మనవాళ్ళకి ఇది మోసంలా అనిపించదు, సాయంలా అనిపిస్తుంది. పెళ్ళికి బియ్యం ఇచ్చినవాడు అడిగాడు, ఆసుపత్రికి బండి పంపినవాడు అడిగాడు, ఎలా కాదంటాం? ఆ మొహమాటం మీదే అతని వ్యవసాయం నడుస్తోంది.

మూడో దారి అటవీ హక్కుల పట్టా. 2006 చట్టం కింద వచ్చిన ఆ హక్కు వారసులకి వస్తుంది కానీ, అమ్మడానికి, బదలాయించడానికి కుదరదని అదే చట్టం సెక్షన్ 4(4) చెప్తోంది. అది మన భూమి మన పిల్లలకే పోవాలని పెట్టిన కట్టడి. ఆ పట్టా జిరాక్సు పట్టుకుని "దీని మీద లోను ఇప్పిస్తా, ఇక్కడ సంతకం పెట్టు" అని బేరగాడు ఎవడైనా వస్తే, అతను నీ చేత పెట్టించేది అబద్ధం కింద సంతకం.

ఇక్కడ మనల్ని మనం కూడా నిలదీసుకోవాలి. తప్పంతా ఆసామిది, బ్యాంకుది అని పోస్టు పెట్టి లైకులు లెక్కపెట్టుకోవడం తేలిక. మన ఇళ్ళలోనే భూమి కౌలుకిచ్చి, ఆ సంగతి దాచి, లోను తెచ్చి బండి కొన్నవాళ్ళు ఉన్నారు. ఊరి పెద్దలే మధ్యవర్తులుగా కూర్చున్న కాగితాలు ఉన్నాయి. ‘మన ఇంటి గుట్టు’ అని మనం మూసిపెట్టినంత కాలం, ఆ గుట్టు మన భూమిని తింటూనే ఉంటుంది.

"1/70 ఉండబట్టే మనకి అప్పు పుట్టడం లేదు"

ఈ మాట నువ్వు వినే ఉంటావు. బయటివాళ్ళు చెప్తారు. ఈ మధ్య డిగ్రీ చదివిన మన పిల్లలూ చెప్తున్నారు. "ఈ చట్టం తీసేస్తే మా భూమికీ రేటు వస్తుంది, బ్యాంకూ లోను ఇస్తుంది, వ్యాపారం చేసుకుంటాం" అని. కోపం తెచ్చుకోకుండా జవాబు చెప్పాలి, ఎందుకంటే అవసరంలో ఉన్నవాడి మాట అది.

మొదటి జవాబు: చట్టం అప్పుకి అడ్డం పడలేదు. 1971లోనే ఇంకో సవరణ వచ్చింది. భూమి స్వాధీనం ఇవ్వకుండా సహకార సంఘానికో, ప్రభుత్వం ఆమోదించిన బ్యాంకుకో తాకట్టు పెట్టుకోవచ్చు. షరతు ఒక్కటే. బాకీ తీరక ఆ భూమిని అమ్మాల్సి వస్తే ఆదివాసీకో, ఆదివాసీ సంఘానికో మాత్రమే అమ్మాలి. అంటే అప్పుకి తలుపు తెరిచే ఉంది. భూమి ఏజెన్సీ దాటిపోకుండా గడప మాత్రం ఉంది.

రెండో జవాబు: బ్యాంకు మేనేజర్లకి ఆ గడప నచ్చదన్న మాట నిజమే. కొనేవాళ్ళు తక్కువైతే వేలంలో ధర తక్కువ పలుకుతుందని వాళ్ళ లెక్క. ఆ నష్టం మన పేదవాడు మోస్తున్నాడు, ఒప్పుకుంటాను. దానికి మందు చట్టం తీసేయడం కాదు. ప్రభుత్వం పూచీ పడాలి. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ పనుల్లో ఆదివాసీ రైతుకి పంట అప్పు ఇవ్వడం కూడా ఉంది. ఆ పని గట్టిగా చెయ్యమని అడుగుదాం. గోడ పడగొడితే గాలి వస్తుందనేవాడికి, కిటికీ పెట్టించమని చెప్పాలి.

మూడో జవాబు: రేటు వస్తుందన్నావు కదా, ఎవరికి వస్తుంది? చట్టం ఉండగానే నోటి మాట కౌలు మీద ఇంత భూమి బయటివాళ్ళ చేతుల్లో ఉంది. చట్టం పోయిన మర్నాడు ఆ నోటి మాటలన్నీ రిజిస్ట్రేషన్లు అవుతాయి. రేటు వచ్చేసరికి అమ్మడానికి నీ దగ్గర ఏం మిగిలి ఉండదు.

మైదానంలో ఉన్న మనవాళ్ళు

ఏజెన్సీ బయట 1/70 లేదు. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి ఊళ్ళలో ఉండే యానాదులకి, ఎరుకలకి ఆ గోడ లేదు. వాళ్ళ దగ్గర భూమి ఉంటే చాలాసార్లు అది ప్రభుత్వం ఇచ్చిన డీ-పట్టా. అసైన్డ్ భూమి అమ్మకం, కౌలు చెల్లవని 1977 చట్టం చెప్పింది. 2023లో 20 ఏళ్ళు దాటిన పట్టాలకి సడలింపు తెచ్చారు. కాబట్టి నీ పట్టా ఏ సంవత్సరానిదో, నీకు ఏ నిబంధన వర్తిస్తుందో తెలుసుకోకుండా ‘అడ్డంకి లేదు’ అని సంతకం పెట్టకు. ఆ భూమిలో ఎవడైనా చెరువు తవ్వుకుని ఉంటే ఇంకా జాగ్రత్త.

భూమి లేనివాళ్ళ సంగతి మరీ ఘోరం. తాడేపల్లిగూడెం లాంటి ఊళ్ళో పని చేసుకునే మన కుటుంబం ఏదో ఫైనాన్సు ఆఫీసుకి పోతుంది. అక్కడ ‘నాకు వేరే అప్పులు లేవు’ అనే కాగితం మీద సంతకం పెట్టిస్తారు. ఇంకో మూడు చోట్ల వారం వారం కడుతున్న సంగతి ఆ ఏజెంటుకే తెలుసు, కొన్నిసార్లు ఆ మూడు అప్పులూ ఇప్పించింది కూడా అతనే. తెలిసి తెలిసి అబద్ధం రాయించి, రేపు కిస్తీ తప్పితే "నువ్వే అబద్ధం చెప్పావు కదమ్మా" అని గుమ్మంలో నిలబడతాడు.

అయితే నీ చేతిలోనూ ఆయుధాలు ఉన్నాయి. రిజర్వు బ్యాంకు 2024 అక్టోబరు 1 నుంచి ఒక నిబంధన పెట్టింది. వ్యక్తులకీ, చిన్న వ్యాపారాలకీ కొత్తగా ఇచ్చే అప్పులకి ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ ఇవ్వాలి. అసలు వడ్డీ ఎంత, ఖర్చులెంత, మొత్తం ఎంత కట్టాలి అన్నీ అందులో ఉండాలి. అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో రాయాలి, చదివి వివరించాలి, అర్థమైందని ఒప్పించుకోవాలి. 2022 మైక్రోఫైనాన్సు నిబంధనల ప్రకారం ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబానికి ఇచ్చే ఆ అప్పుకి తాకట్టు అడగకూడదు. నెలవారీ కిస్తీలన్నీ కలిపి కుటుంబ ఆదాయంలో సగం దాటకూడదు. ఆ సగం లెక్క కట్టాల్సింది అప్పు ఇచ్చేవాడు. మరి నీ పాత అప్పులు తెలియకుండా ఎలా కట్టాడు? అడుగు.

పెద్దవాళ్ళూ ఇదే పేరా కింద సంతకం పెడతారు

ఇది మనలాంటి చిన్నవాళ్ళ కథ మాత్రమే అనుకోకు. ప్రభుత్వాలూ అప్పు తెస్తాయి. అక్కడా షరతులు ఉంటాయి, మాట ఇవ్వడం ఉంటుంది.

1985లో నర్మద మీద సర్దార్ సరోవర్ డ్యాము కోసం ప్రపంచ బ్యాంకు 45 కోట్ల డాలర్ల అప్పుకి ఒప్పుకుంది. మునిగిపోయే ఆదివాసీల పునరావాసం సంగతి తేలకుండానే సంతకాలు అయిపోయాయి. అక్కడి ఆదివాసీలు ఏళ్ళ తరబడి పోరాడితే బ్యాంకు మోర్స్ కమిషన్ వేసింది. 1992లో ఆ కమిషన్ బ్యాంకునీ, ప్రభుత్వాన్నీ తప్పుపట్టింది. 1993 మార్చిలో భారత ప్రభుత్వం మిగతా అప్పు వద్దని తనే వదులుకుంది. షరతులు నెరవేర్చే దారి కనిపించలేదు కాబట్టి. డ్యాము ఆగలేదు, అది నిజం. కానీ అప్పు పత్రంలో దాచిన అడ్డంకి పేరు ‘ఆదివాసీ’ అని ప్రపంచమంతా చదివింది.

మన గోదావరి మీద పోలవరం కూడా అంతే. 2016 నుంచి ఆ ప్రాజెక్టుకి డబ్బు నాబార్డు అప్పు రూపంలో వచ్చింది. మునిగే మండలాల్లో కుకునూరు, వేలేరుపాడు, పోలవరం ఉన్నాయి. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకోవాలంటే గ్రామసభ ముందస్తు అనుమతి ఉండాలని 2013 భూసేకరణ చట్టం సెక్షన్ 41 చెప్తోంది. కాబట్టి ఇలాంటి ప్రతి ప్రాజెక్టు అప్పు దగ్గరా మనం అడగాల్సింది ఒక్కటే. డబ్బు ఇచ్చేవాడికి మీరు మా సంగతి ఏమని చెప్పారు? మమ్మల్ని అడ్డంకిగా రాశారా, అసలు రాయనే లేదా?

మరి ఏం చెయ్యాలి

1. తెలుగులో చదివి వినిపించే దాకా సంతకం పెట్టకు. అగ్రిమెంటు కాపీ అడిగి తీసుకో. అది నీ హక్కు, వాళ్ళు చేసే ఉపకారం కాదు.

2. ‘ఏ అడ్డంకీ లేదు’ అన్న చోట, నీది ఏజెన్సీ భూమైతే, పక్కన చేత్తో రాయి: "ఈ భూమి షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉంది. భూ బదలాయింపు నిబంధన, 1/70 దీనికి వర్తిస్తాయి." తరవాత సంతకం పెట్టు, తేదీ వెయ్యి, ఫోటో తీసుకో. నిజం రాసినవాణ్ణి అబద్ధమాడావని ఎవరూ అనలేరు.

3. నీ భూమి ఇప్పటికే బయటివాడి సాగులో ఉంటే, దాచిపెట్టి లోను కోసం పోకు. ముందు ఆ ముడి విప్పు. స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ (గిరిజన సంక్షేమం) దగ్గర అర్జీ పెట్టు. కోట రామచంద్రపురం ఐటీడీఏలో అడిగితే దారి చెప్పాలి. చెల్లని కౌలు కింద ఉన్న భూమిని ఖాళీ చేయించి నీకు తిరిగి ఇప్పించే అధికారం ఆ చట్టంలోనే ఉంది.

4. పేరు అరువివ్వకు. పాస్‌బుక్కు, ఆధార్, ఖాళీ చెక్కు, వేలిముద్ర ఎవరి సాయానికీ బదులు కావు. పెళ్ళికి బియ్యం ఇచ్చినవాడి రుణం బియ్యంతో తీర్చు, భూమితో కాదు.

5. గ్రామసభలో చర్చ పెట్టు. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభకీ పంచాయతీలకీ రెండు అధికారాలు చెప్పింది. భూమి అన్యాక్రాంతం కాకుండా ఆపడం, పోయిన భూమి తిరిగి ఇప్పించడం ఒకటి. ఆదివాసీలకి ఇచ్చే వడ్డీ అప్పుల మీద అదుపు రెండోది. ఊళ్ళో వివాదంలో ఉన్న సర్వే నంబర్లు, ఎల్‌టీఆర్ కేసు నడుస్తున్న నంబర్లు ఒక జాబితా రాయండి. గ్రామసభ తీర్మానంతో ఆ మండలంలో ఉన్న ప్రతి బ్యాంకు మేనేజరుకీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ తరవాత ఎవడైనా ఆ నంబరు మీద అప్పు తెచ్చుకుంటే, ‘మాకు తెలియదు’ అనడానికి బ్యాంకుకి దారి ఉండదు. ఇది కేసు కాదు, ధర్నా కాదు, ఒక ఉత్తరం. ఈ నెలలోనే చేయొచ్చు.

చదువుకున్న పిల్లలకి ఇంకో పని. నీకు ఇంగ్లీషు వచ్చు కదా. రేపు మీ ఊరి నుంచి ఎవరు బ్యాంకుకి పోతున్నా పక్కన కూర్చో. ఆ పేరా వెతుకు. మన కోయ మాటలోనో, కొండరెడ్ల తెలుగులోనో చెప్పు. నీ డిగ్రీకి అంతకన్నా పెద్ద పని నాకు తెలియదు.

చివరగా ఒక మాట. ‘అడ్డంకి’ అన్న ఆ పదానికి భయపడకు. బ్యాంకు కాగితంలో అది చెడ్డ మాట. మన వైపు నుంచి చూస్తే అది చేను చుట్టూ వేసిన కంచె. మన ముందు తరం కొట్లాడి వేసిన కంచె. ‘అడ్డంకి లేదు’ అని నువ్వు సంతకం పెట్టిన ప్రతిసారీ ఆ కంచెలోంచి ఒక కర్ర నీ చేత్తోనే పీకుతున్నావు.

మావ నాటే మావ రాజ్ అని గోడల మీద రాస్తాం. ఒకసారి అప్పు కాగితం మీద కూడా రాద్దాం. అక్కడ దానికి రెండే అంకెలు చాలు: 1/70.